నీళ్లలో కాలివేళ్లు కొంకర్లు పోయినప్పుడు

గత డిసెంబరులో ఒక ఉదయం ఆరున్నరకు, బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఈత కొలనులో పద్దెనిమిదో లాపు సగంలో ఉండగా, నా కుడికాలి బొటనవేలు తనంతట తాను కిందికి వంగిపోయింది. మిగిలిన నాలుగు వేళ్లూ దాని వెంటే ముడుచుకున్నాయి. రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కడంతో, దానికున్న మెట్టె పక్క చర్మంలోకి దిగబడింది. అరికాలి గుంటలో తాడు వేసి ముడి బిగిస్తున్నట్టు నొప్పి మొదలైంది. నేనున్న చోట నీళ్ల లోతు ఎనిమిది అడుగులు, గోడ ఇంకా పన్నెండు మీటర్ల దూరంలో ఉంది.

ఆ క్షణంలో నేను చేసిన పని పూర్తిగా తప్పు. ఈత ఆపేసి, రెండు చేతులతో పాదాన్ని పట్టుకోవాలని ముందుకు వంగాను. వంగగానే ముఖం నీళ్లలోకి పోయింది, నోట్లోకి, ముక్కులోకి నీళ్లు వచ్చాయి, ఆ కంగారులో రెండో కాలితో గట్టిగా తన్నుకోవడం మొదలుపెట్టాను, దానితో ఆ పిక్క కూడా బిగుసుకోసాగింది. పక్కనున్న లేన్ తాడు చేతికి దొరకబట్టి దాని మీద వాలిపోయాను. దొరకకపోతే ఏమయ్యేదో ఆలోచించడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. వేళ్లు విడవడానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది, కానీ అరికాలిలో సలుపు రెండు రోజులు ఉంది. బాత్రూములో వట్టికాళ్లతో నిలబడినా తెలిసేది.

ఈత నేర్చుకున్నది నలభై ఒకటో ఏట. అంతకు ముందు భయంతో, ఆ తర్వాత ఇష్టంతో, ఇప్పుడు అది లేకపోతే రోజు గడవదన్నంత అవసరంతో నేను నీళ్లలోకి దిగుతున్నాను. అందుకే ఆ డిసెంబరు ఉదయం తర్వాత ఈ కొంకర్ల సంగతి తేల్చుకోవాలని ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఎప్పుడు వచ్చింది, ఎన్నో లాపులో వచ్చింది, దానికి ముందు ఏం చేస్తున్నాను, రాత్రి ఏం తిన్నాను, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి అన్నవన్నీ ఇంటికి రాగానే తడిజుట్టుతోనే కూర్చుని రాసుకునేదాన్ని. జనవరి ఆఖరుకల్లా పదకొండు సార్లు రాసుకున్నాను. ఆ పదకొండులో ఐదు, నీళ్ల మీద తేలే పలక అయిన కిక్‌బోర్డు పట్టుకుని కాళ్లతో మాత్రమే ఈదుతున్నప్పుడు వచ్చినవి, నాలుగు గోడను తన్ని కదిలిన మరుక్షణంలో వచ్చినవి. తిండికీ దానికీ పొంతన కనిపించలేదు. ఈ లెక్క నాకు తర్వాత చాలా పనికొచ్చింది.

మన ఇళ్లలో దీనికి ఉన్న మాటల గురించి కొంచెం చెప్పాలి. పిక్కకు వస్తే 'పిక్క పట్టేసింది' అంటాం, వేళ్లకు వస్తే 'కొంకర్లు పోయాయి' అంటాం, ఎక్కడ వచ్చినా 'నరం పట్టేసింది' అనడం మామూలు. తిమ్మిరి వేరు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే స్పర్శ తగ్గి, ఆ తర్వాత సూదులు గుచ్చినట్టు అనిపించేది తిమ్మిరి. కొంకర్లు పోవడం అంటే కండరం మన మాట వినకుండా ముడుచుకుపోయి, విప్పబోతే విడవకపోవడం. చదువుకున్నవాళ్లు 'అది నరం కాదు, కండరం' అని సరిదిద్దుతుంటారు. నేనూ ఒకప్పుడు మా అమ్మను అలా సరిదిద్దినదాన్నే. ఈ విషయం చదివిన కొద్దీ అమ్మ మాటలోనే ఎక్కువ నిజం ఉందని తెలిసింది.

ముడుచుకునేది కండరమే. ముడుచుకో అని దానికి ఆగకుండా కబురు పంపేది మాత్రం వెన్నుపాము నుంచి వచ్చే నరం. 1997లో దక్షిణాఫ్రికాకు చెందిన క్రీడావైద్యుడు మార్టిన్ ష్వెల్నస్, తన సహచరులతో కలిసి, వ్యాయామంలో కండరాలు పట్టేయడానికి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గడమే కారణమన్న పాత నమ్మకాన్ని ప్రశ్నిస్తూ ఒక ప్రతిపాదన చేశారు. దాని సారం ఇది. కండరం లోపల కదురు ఆకారంలో ఉండే సన్నని గ్రాహకాలు కండరాన్ని బిగించమని వెన్నుపాముకు చెబుతుంటాయి. కండరం ఎముకకు అంటుకునే స్నాయువులో ఉండే మరో రకం గ్రాహకాలు, అతిగా బిగిస్తే తెగిపోతుంది, వదులు చేయమని చెబుతుంటాయి. ఈ రెండో రకానికి, ఇటలీ శాస్త్రవేత్త కమిలో గాల్జీ పేరు పెట్టారు. కండరం అలసిపోయినప్పుడు బిగించమనే గొంతు పెరుగుతుంది, వదలమనే గొంతు తగ్గుతుంది. ఆ కండరం అప్పటికే పొట్టిగా ముడిచి ఉంటే స్నాయువు మీద లాగుడు ఉండదు కనుక, వదలమనే గొంతు దాదాపు వినపడకుండా పోతుంది. పట్టేసిన కండరాన్ని చేత్తో సాగదీస్తే ఉపశమనం కలగడానికి కారణం కూడా ఇదేనంటారు: సాగదీయగానే స్నాయువు మీద లాగుడు పడి, వదలమనే కబురు మళ్లీ వెన్నుపాముకు చేరుతుంది.

ఈ వివరణతో ఇంకా చర్చ ముగిసిందని కాదు. ఒక్క కారణంతోనే అందరికీ వస్తుందని ఇప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు. కానీ ఈత కొలనులో నా పాదానికి ఏం జరుగుతున్నదో ఇంతకన్నా బాగా చెప్పిన మాట నాకు దొరకలేదు. ఎందుకంటే ఫ్రీస్టైల్, అంటే బోర్లా తేలుతూ చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈత, ఈదేటప్పుడు పాదం వెనక్కి చాచి ఉంటుంది. పాదాన్ని అలా చాచి పట్టుకోవడమంటే పిక్క కండరాన్నీ, అరికాలిలోని పొట్టి కండరాలనూ ముడిచి ఉంచడమే. నడకలో ఈ కండరాలు అడుగడుగుకూ సాగుతాయి, ముడుచుకుంటాయి. నీళ్లలో పాదం కింద నేల ఉండదు, ఒంటి బరువు దాని మీద పడదు, అందువల్ల వాటిని సాగదీసేది ఏదీ లేదు. ముడుచుకున్న స్థితిలోనే అవి ముప్పావు గంట పని చేస్తాయి.

అయితే, ఈదే ప్రతివాళ్లకూ పాదం చాచే ఉంటుంది కదా, నాకే ఎందుకు? దీనికి జవాబు మా కోచ్ దగ్గర దొరికింది. ఆయనది ముళబాగిలు దగ్గర పల్లె, తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతారు. మొదటి నుంచీ నేను కాళ్లు ఆడిస్తుంటే గట్టున నిలబడి 'కాలు బిడి మేడం, బిడి' అని కేక వేస్తుండేవారు. 'వదలండి' అని దాని అర్థం. నేను మాత్రం కాళ్లు ఇంకా వేగంగా ఆడించమంటున్నారని అనుకుని మరింత బిగించేదాన్ని. నోటు పుస్తకం చూపించిన రోజు ఆయన నన్ను గోడ పట్టుకుని బోర్లా తేలమని చెప్పి, తానూ నీళ్లలోకి దిగి, నా కుడి పాదాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. 'ఇప్పుడు మీరేం చెయ్యద్దండి మేడం, పాదం నాకిచ్చేయండి' అన్నారు. ఇచ్చాననే అనుకున్నాను. ఆయన పాదాన్ని అటూ ఇటూ ఊపబోతే అది ఊగలేదు. వేళ్లు ఐదూ కిందికి వంచి, దేన్నో పట్టుకున్నట్టు బిగించి ఉన్నాను. నేను బిగించానన్న సంగతి నాకే తెలియదు.

ఈత నేర్చుకునే పెద్దవాళ్లందరికీ ఎక్కడో ఒక చోట 'పాదం బాణంలా చాచండి' అన్న మాట చెవిన పడుతుంది. చిన్నపిల్లల చీలమండలు మెత్తగా ఉంటాయి, వాళ్లు కాలు కిందికి కొట్టగానే నీళ్ల ఒత్తిడికే పాదం వెనక్కి వాలిపోతుంది, దాన్ని చాచి పట్టుకోవలసిన పని వాళ్లకు లేదు. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని, బూట్లలో, చెప్పుల్లో ఇరవై ఏళ్లు గడిపిన చీలమండ అలా వాలదు. వాలనిదాన్ని వాలినట్టు చూపించాలంటే కండరబలంతో పట్టి ఉంచాలి. ఆ బలం పిక్కది, అరికాలిది, చివరికి వేళ్లది. ఇలా నీళ్లు చేయవలసిన పనిని నా అరికాలి కండరాలతో చేయించాను, అవి అలసిపోయి కొంకర్లు పోయాయి. పదకొండులో ఐదు సార్లు కిక్‌బోర్డు మీదే ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. బోర్డు పట్టుకుంటే చేతులకు పని ఉండదు, ముందుకు పోవాలంటే కాళ్లే దిక్కు, పోవడం లేదని ఆదుర్దా కలిగిన కొద్దీ పాదం మరింత బిగుస్తుంది.

ఈ మాట చెబుతుంటే మా మేనమామ గుర్తుకు వస్తున్నాడు. మదనపల్లె దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్లో రాతిమెట్ల దిగుడుబావి ఒకటి ఉండేది. వేసవి సెలవుల్లో ఊళ్లోని మగపిల్లలందరూ కిత్తనార బెండు వీపుకు కట్టుకుని అందులో ఈత నేర్చుకునేవాళ్లు. ఆడపిల్లలకు గట్టు మీద కూర్చుని చూడటం వరకే అనుమతి. అలా చూసిన చూపే నాకు మిగిలింది: మామ బావి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఈదుతుంటే, ఆయన పాదాలు తడిగుడ్డ ఆడినట్టు మెత్తగా ఆడేవి. ఎక్కడా చాచిన ఆకారం లేదు, బిగువు లేదు. మొన్న ఫోనులో అడిగాను, నీకు ఎప్పుడైనా నీళ్లలో కాలు పట్టేసిందా మామా అని. 'కాలికి పనేముంది పాపా, నీళ్లే ఎత్తుతాయి. చెయ్యి ఆడిస్తావుంటే అది వెనకే వస్తుంది' అన్నాడు. డెబ్బై దాటిన మనిషి, పొలం పనిలో రోజూ గొంతుక్కూర్చుని లేచే మనిషి. ఆయన చీలమండ కదిలినంతగా నాది కదలదు.

గోడను తన్నినప్పుడు వచ్చేదానికి కారణం కొంచెం వేరు. లాపు చివర తిరిగి గోడను తన్నేటప్పుడు ఒంటి బరువంతా మునివేళ్ల మీదుగా ఒక్క ఉదుటున పోతుంది, అప్పటికే అలసిన పిక్క ఒక్కసారిగా పూర్తిగా ముడుచుకుంటుంది, గోడ వదలగానే మళ్లీ పాదం చాచిన స్థితిలోకే పోతుంది. నేను మునివేళ్లతో మాత్రమే తన్నేదాన్నని కోచ్ చూపించారు. ఇప్పుడు పాదం ముందుభాగమంతా, వేళ్ల కింది మెత్త సహా, గోడకు పూర్తిగా ఆనించి, మోకాలు, తొడల బలంతో తోస్తున్నాను. ఈ ఒక్క మార్పుతో ఆ రకం కొంకర్లు దాదాపు పోయాయి. ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే రెక్కల్లాంటి తొడుగులు) గురించి కూడా ఇక్కడే చెబుతాను: కొలనులో అద్దెకిచ్చే ఫిన్స్ కాస్త వదులుగా ఉంటే, అవి జారిపోకుండా మనకు తెలియకుండానే వేళ్లతో పట్టుకుంటాం. పది నిమిషాల్లో అరికాలు పట్టేస్తుంది. బిగుతుగా ఉన్నా ఇబ్బందే. సరిపడే ఫిన్స్ దొరకకపోతే అవి లేకుండా ఈదడమే మేలు.

ఇక సలహాలు. నాకు కొంకర్లు వస్తున్నాయని తెలిసిన వాళ్లలో తొంభై పాళ్లు చెప్పింది అరటిపండు తినమనే. మా ఆడపడుచు నెలకు సరిపడా మెగ్నీషియం మాత్రలు కొని పంపింది. ఆమె ప్రేమకు నేను కృతజ్ఞురాలిని, మాత్రలు కూడా వేసుకున్నాను, తేడా కనిపించలేదు. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్షలో, పెద్ద వయసువాళ్లకు వచ్చే కొంకర్లను మెగ్నీషియం చెప్పుకోదగ్గంతగా తగ్గించే అవకాశం లేదని తేల్చారు. వ్యాయామంలో వచ్చేవాటి మీద అయితే వాళ్లకు సరైన ప్రయోగమే దొరకలేదు. అరటిపండులో పొటాషియం ఉన్న మాట నిజమే, కానీ తిన్నది అరిగి రక్తంలో పొటాషియం కాస్తంత పెరగడానికే అరగంటకు పైగా పడుతుంది. గట్టున కూర్చుని అరటిపండు తింటే కొలనులో పట్టేసిన వేలు విడవదు. ఆకలి తీరుతుంది, అంతవరకు మంచిదే.

నీళ్లూ ఉప్పూ అసలు అక్కర్లేదని మాత్రం నేను అనను. కొలనులో ఈదేటప్పుడు కూడా చెమట పడుతుంది, నీళ్లలో కలిసిపోతుంది కనుక తెలియదు. రాత్రంతా ఏమీ తాగకుండా, లేవగానే కాఫీ మాత్రం తాగి గంటసేపు ఈదితే ఒంట్లో నీరు తగ్గుతుంది, అలసట త్వరగా వస్తుంది, అలసటతో పాటు కొంకర్లూ రావచ్చు. నేను ఇప్పుడు బయలుదేరే ముందు ఒక గ్లాసు నీళ్లు, తిరిగి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగుతున్నాను. తిన్న వెంటనే ఈదితే కండరాలు పట్టేసి మునిగిపోతారని మా అత్తయ్య భయపడుతుంటారు. అమెరికా రెడ్‌క్రాస్ వారి శాస్త్రీయ సలహామండలి 2011లో ఈ విషయాన్ని పరిశీలించి, తినడానికీ మునగడానికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదని చెప్పింది. అయినా నిండు కడుపుతో ఈదడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది, అది వేరే సంగతి.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది 2010లో అమెరికాలో కెవిన్ మిల్లర్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక ప్రయోగం. ఒంట్లో కొంత నీరు తగ్గిన మగవాళ్లను కూర్చోబెట్టి, చీలమండ దగ్గర నరానికి విద్యుత్తు తగిలించి, బొటనవేలిని కిందికి వంచే అరికాలి కండరం పట్టేసేలా చేశారు. అంటే నాకు కొలనులో పట్టేసే కండరమే. అప్పుడు నీళ్లు గానీ, దోసకాయ ముక్కలు ఊరబెట్టిన వెనిగరు ఉప్పునీళ్లు గానీ కొద్దిగా తాగించారు. మామూలు నీళ్లు తాగినప్పుడు సుమారు 134 సెకన్లు ఉన్న పట్టు, ఊరబెట్టిన నీళ్లు తాగినప్పుడు 85 సెకన్లలో వదిలింది. తాగిన ఐదు నిమిషాల వరకూ రక్తంలో లవణాల పాళ్లు మారలేదు. అంటే పని చేసింది ఉప్పు కాదు. ఘాటైన పులుపు నోటినీ గొంతునూ తాకగానే అక్కడి నరాల నుంచి వెళ్లిన కబురే, కొంకర్లు పోయిన కండరానికి వెళ్తున్న కబురును అణచివేసి ఉంటుందని వాళ్లు భావించారు. 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన రాడరిక్ మకినన్ సముద్రంలో కయాక్ నడుపుతూ కండరాలు పట్టేసి ఇబ్బంది పడి, ఇదే దారిలో ఆలోచించి, అల్లం, దాల్చినచెక్క, మిరప కలిపిన పానీయం మీద పని చేశారు. 'నరం పట్టేసింది' అన్న అమ్మ మాట నాకు ఇక్కడ మళ్లీ గుర్తొచ్చింది. నేను మాత్రం ఈత మధ్యలో ఏదీ తాగను. నీళ్లలో కొంకర్లు పోయిన మనిషి చేతికి సీసా అందదు.

అందుకే నీళ్లలోనే, ఆ క్షణంలోనే ఏం చేయాలన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అయింది. కోచ్ నాతో దీన్ని పొడిగా చెప్పి వదిలేయలేదు, లోతు తక్కువ ఉన్న చోట పదిసార్లు చేయించారు. వేలు లాగుతున్నట్టు అనిపించగానే పాదం గురించి మరిచిపోయి ముందు వెల్లకిలా తిరగాలి. చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, చేతులు రెండు పక్కలా మెల్లగా ఆడిస్తే కాళ్లు ఏమీ చేయకపోయినా మనిషి తేలుతాడు. ముఖం గాలిలో ఉంది, ఊపిరి ఆడుతోంది అన్న నమ్మకం కలిగిన తర్వాతే రెండో పని. ఆ రెండో పని, పాదాన్ని మోకాలి వైపు మడవడం, వేళ్లను పైకి, ముంగాలి వైపు లాగడం. చాలాసార్లు చేయి వేయకుండా, ముంగాలి కండరంతోనే పాదాన్ని మడిస్తే సరిపోతుంది. విడవకపోతే మోకాలిని పొట్ట దగ్గరికి తెచ్చి, ఒక చేత్తో తేలుతూ రెండో చేత్తో బొటనవేలిని పట్టి పైకి వంచాలి. ఒక్కసారిగా గుంజకూడదు, మెల్లగా, ఇరవై ముప్పై లెక్కపెట్టేంతసేపు అలాగే పట్టి ఉంచాలి.

విడిచిన తర్వాత వెంటనే ఫ్రీస్టైల్ మొదలుపెడితే రెండు నిమిషాల్లో మళ్లీ వస్తుంది, నాకు ప్రతిసారీ వచ్చింది. గోడ చేరడానికి బ్రెస్ట్‌స్ట్రోక్ వాడమని కోచ్ చెప్పడంలో మంచి ఆలోచన ఉంది: ఆ ఈతలో కాలు తన్నే ముందు పాదాన్ని మడిచి బయటికి తిప్పుతాం కనుక, పట్టేసిన పిక్క, అరికాలు తన్నిన ప్రతిసారీ సాగుతాయి. అది రానివాళ్లు కాళ్లు వేలాడేసి చేతులతో మాత్రమే నెమ్మదిగా పోవచ్చు. గోడ చేరాక, మడమ నేలకు ఆనించి వేళ్లు గోడకు నిలువుగా ఆనిస్తే, ఒంటి బరువే వేళ్లను సాగదీస్తుంది. లేన్‌లో ఎవరైనా వస్తుంటే సిగ్గుపడకుండా చెయ్యెత్తి 'కాలు పట్టేసింది' అని చెప్పాలి. పెద్ద వయసులో ఈత నేర్చుకున్న ఆడవాళ్లకు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ డిసెంబరు ఉదయం తాడు పట్టుకుని వేలాడుతూ, లైఫ్‌గార్డ్ వైపు చూసి నేను చిరునవ్వు నవ్వాను. ఆయన బాగానే ఉన్నానని అనుకుని తల తిప్పుకున్నారు.

బెంగళూరు చలికీ ఇందులో పాత్ర ఉంది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పదిహేను, పదహారు డిగ్రీలు మామూలు. అంతర్జాతీయ పోటీల కొలనుల్లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచుతారు. మా కొలనుకు పైకప్పు లేదు, నీళ్లు వేడిచేసే ఏర్పాటు లేదు. థర్మామీటరు తీసుకెళ్లి చూస్తే 22 చూపించింది. చల్లటి నీళ్లలో పాదాలకు రక్తం తగ్గుతుంది, కండరాలు బిర్రబిగుస్తాయి. ఆ రెండు నెలలూ నేను దిగే ముందు గట్టు మీద పది నిమిషాలు నడిచి, చీలమండలు రెండు వైపులా తిప్పి, మొదటి నాలుగు లాపులు కాళ్లు దాదాపు ఆడించకుండా ఈదేదాన్ని. ఫిబ్రవరిలో ఎండ ముదిరిన కొద్దీ కొంకర్లూ తగ్గాయి, అయితే అప్పటికి పాదం వదలడం కూడా కొంత వచ్చింది కనుక, తగ్గడంలో ఎండ వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను.

ఇంట్లో చేసేవి రెండే పెట్టుకున్నాను, అవి రోజూ చేస్తాను. ఒకటి వజ్రాసనం: పాదాల పైభాగం నేలకు ఆని, పాదం వెనక్కి వాలేది బరువుతోనే తప్ప కండరబలంతో కాదు కనుక, చీలమండ నెమ్మదిగా మెత్తబడుతుంది. మొదట్లో అర నిమిషం కూడా కూర్చోలేక దుప్పటి మడతపెట్టి చీలమండల కింద పెట్టుకున్నాను, మూడు నెలలకు మూడు నిమిషాలు కూర్చోగలుగుతున్నాను. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది. రెండోది, నేల మీద తువ్వాలు పరిచి, దాన్ని వేళ్లతో దగ్గరికి లాక్కుని మళ్లీ వేళ్లతోనే దూరంగా నెట్టడం. అరికాలి కండరాలకు బలం వస్తే త్వరగా అలసిపోవని కోచ్ నమ్మకం, నాకూ అది సబబుగానే తోచింది. గోడకు చేతులు ఆనించి మడమ నేలకు అదిమి పిక్క సాగదీయడం అందరికీ తెలిసిందే. మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కొద్దిగా వంచి ఒకసారి చేస్తేనే పిక్కలోని రెండు కండరాలూ సాగుతాయన్నది మాత్రం నాకు ఇంతకు ముందు తెలియదు.

వైద్యుల దగ్గరికి కూడా వెళ్లాను, వెళ్లడం అవసరమని అనుకుంటున్నాను. నీళ్లలోనే కాక నిద్రలోనూ తరచూ వస్తున్నా, కాళ్లలో నీరసం ఉన్నా, థైరాయిడ్, షుగర్, మూత్రపిండాల సమస్యలు ఉన్నా, రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయే మాత్రలు గానీ, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్రలు గానీ వాడుతున్నా పాదాల వ్యాయామంతో సరిపెట్టుకోకూడదు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే అది కొంకర్లు కాకపోవచ్చు, రక్తం గడ్డ కట్టిందేమో వెంటనే చూపించుకోవాలి. నా రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు.

పోయిన గురువారం ఇరవై రెండో లాపులో, లోతు వైపు, బొటనవేలు లాగడం మళ్లీ మొదలైంది. వెల్లకిలా తిరిగాను. చెవుల్లోకి నీళ్లు వచ్చి కొలను చప్పుళ్లన్నీ ఆగిపోయాయి, పైన తెల్లారుతున్న ఆకాశం, గోడ అవతలి హొంగె (కానుగ) చెట్టు కొమ్మలు కనిపించాయి. వేళ్లను ముంగాలి వైపు మడిచి ముప్పై లెక్కపెట్టాను. పద్దెనిమిది దగ్గర అరికాలిలో ముడి సడలింది, ముప్పై పూర్తయ్యేదాకా అలాగే ఉంచి, ఆ తర్వాత బ్రెస్ట్‌స్ట్రోక్‌తో గోడ చేరాను. గట్టు ఎక్కి కూర్చుని పాదం చూసుకున్నాను. మెట్టె ఉన్న వేలు తన చోట తాను ఉంది. కోచ్ దూరం నుంచి ఏమిటన్నట్టు చెయ్యి ఊపారు. ఏమీ లేదని చెప్పలేదు, 'వేలు పట్టేసింది సార్, వదిలింది' అని అరిచి చెప్పాను.